వైరస్సులూ, ఇంటర్నెట్టూ, మా ఆళ్ళగడ్డ బస్సూ

మా ఇంటికి ఇంటర్నెట్టు కంటే ముందు వైరస్సు వచ్చింది. గొప్ప కోసం చెప్తున్న మాట కాదిది. చిన్న ఊళ్ళల్లో పెరిగిన నా ఈడు వాళ్ళని ఎవర్నడిగినా ఇదే చెప్తారు. 2007 ప్రాంతంలో ఆళ్ళగడ్డలో మా ఇంట్లో ఒక అసెంబుల్డ్ సిస్టం ఉండేది. నెట్ కనెక్షన్ లేదు, మోడెం లేదు. అయినా ఏ ఫోల్డర్ తెరిచినా లోపల దాని పేరే పెట్టుకుని ఇంకో ఫోల్డర్ కూర్చుని ఉండేది.. చివర్న డాట్ ఈఎక్స్ఈ! గాల్లోంచి ఊడిపడలేదు కదా? నంద్యాలలో ఆర్టీసీ బస్సెక్కి, శిరివెళ్ళ మీదుగా, ఎవరి చొక్కా జేబులోనో పెన్ డ్రైవులో కూర్చుని నలభై కిలోమీటర్లు ప్రయాణం చేసి వచ్చింది. టికెట్ కూడా తీసుకోలేదు.

వైరస్ అంటే ఇంటర్నెట్లోంచి వచ్చేది అని ఇప్పుడు అందరూ అనుకుంటారు గానీ, చరిత్ర చూస్తే దాని పుట్టుకకీ నెట్టుకీ సంబంధమే లేదు. పీసీల మీద పుట్టిన మొదటి వైరస్ 'బ్రెయిన్', 1986లో మన పక్కనే లాహోర్లో పుట్టింది. రాసింది ఇద్దరు అన్నదమ్ములు, బాసిత్, అమ్జద్ ఫారూఖ్ అల్వీ. తమ సాఫ్ట్‌వేర్‌ని దొంగకాపీ చేసేవాళ్ళని పట్టుకోవడానికి రాశామని వాళ్ళు చెప్పుకున్నారు. అన్నిటికంటే విచిత్రం ఏంటంటే వైరస్సులోనే తమ పేర్లు, షాపు అడ్రసు, ఫోన్ నంబర్లు కూడా పెట్టారు. ఇవ్వాళ ఎవడైనా పెడతాడా? ఫ్లాపీలో మొదటి సెక్టారుని బూట్ సెక్టార్ అంటారు, మెషిన్ ఆన్ అవ్వగానే ముందు చదివేది దాన్నే. బ్రెయిన్ అక్కడ తను కూర్చుని, అసలు బూట్ సెక్టారుని వేరే చోటికి జరిపి, ఆ చోటు పాడైపోయిందని గుర్తు పెట్టేది. అద్దెకొచ్చినవాడు ఓనర్ని వెనక గదిలోకి తోసి తలుపు మీద 'శిథిలం' అని బోర్డు పెట్టినట్టన్నమాట. ఫ్లాపీ నుంచి మెషినుకి, మెషిన్ నుంచి ఇంకో ఫ్లాపీకి.. ఇలా చేతులు మారుతూ 1987కల్లా అమెరికా యూనివర్సిటీల దాకా పోయింది.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, వీఎస్ఎన్ఎల్ ద్వారా, అదీ మహానగరాల్లో. అంటే వైరస్సుకీ నెట్టుకీ మధ్య తొమ్మిదేళ్ళ తేడా. అన్నట్టు, ఆ రోజున దేశ ప్రధాని ఎవరో గుర్తుందా? మా నంద్యాల ఎంపీనే! 1991 నవంబర్ ఉపఎన్నికలో పీవీ నరసింహారావు గారిని మా వాళ్ళు అయిదు లక్షల ఎనభై వేల పైచిలుకు మెజారిటీతో గెలిపించారు. ఆయన నియోజకవర్గంలోని మా ఊరికి నెట్టు మాత్రం తీరిగ్గా వచ్చింది. సరే, ఆ సంగతి ఆయన ఖాతాలో వెయ్యను లెండి.

నెట్టు రాకముందు వైరస్సులు రాసినవాళ్ళకి డబ్బు యావ పెద్దగా లేదు. 1998లో తైవాన్లో చెన్ ఇంగ్ హౌ అనే కాలేజీ కుర్రాడు సీఐహెచ్ అని ఒకటి రాశాడు. అది చడీచప్పుడు లేకుండా ఉండి 1999 ఏప్రిల్ 26న లేచింది. హార్డ్ డిస్క్ మొదట్లో ఉన్న డేటాని చెరిపేసి, వీలైతే మదర్‌బోర్డు మీద బయాస్ చిప్పుని కూడా పాడుచేసేది. చెర్నోబిల్ ప్రమాదం జరిగిన తేదీ కూడా అదే కాబట్టి ఆ పేరు పెట్టారు. దొంగ సాఫ్ట్‌వేర్ సీడీలెక్కి తిరిగింది కాబట్టి దెబ్బ మన ఆసియా వాళ్ళకే ఎక్కువ తగిలింది.

మరుసటేడు, 2000 మే 4న 'ఐ లవ్ యూ' వచ్చింది. దీని కథ నాకు అన్నిటికంటే ఇష్టం. మనీలాలో ఓనెల్ డి గుజ్మన్ అనే కుర్రాడు రాశాడు. ఎందుకు రాశావని ఎన్నో ఏళ్ళ తరవాత అడిగితే, ఇంటర్నెట్‌కి డబ్బు కట్టే స్తోమత లేక జనాల డయలప్ పాస్‌వర్డ్లు కొట్టేద్దామని రాశాను అన్నాడు! అంటే నెట్టు లేకుండా ఉండలేకపోవడం అనే జబ్బులోంచే ఈ వైరస్సు పుట్టింది. ప్రేమలేఖ అని మెయిల్ వస్తే ఎవడు తెరవకుండా ఉంటాడు? ప్రపంచం మొత్తం తెరిచింది. తెరిచినవాళ్ళ అడ్రస్ బుక్‌లో ఉన్న అందరికీ అదే లేఖ పోయింది. ఫిలిప్పీన్స్‌లో అప్పటికి దానికి తగ్గ చట్టమే లేదు, కేసు వీగిపోయింది, కుర్రాడు బయటికొచ్చాడు. మన ఐటీ చట్టం కూడా అదే ఏడాదిది. 2000 జూన్ 9న రాష్ట్రపతి ఆమోదం, అక్టోబర్ 17 నుంచి అమలు. కంప్యూటర్ వైరస్ అంటే ఏంటో మన దేశపు చట్టంలో నిర్వచనం అప్పుడు వచ్చింది, 43వ సెక్షన్లో.

ఇంతకీ మా ఊరి సంగతి. మా మామకి ఆళ్ళగడ్డలో చిన్న ఫోటో స్టూడియో ఉండేది. పెళ్ళి ఆల్బం డిజైన్లు నంద్యాల ల్యాబులో ప్రింటయ్యేవి. ఫోటోలు తీసుకుని పోయే పెన్ డ్రైవు వెళ్ళేటప్పుడు ఫోటోలతో వెళ్ళేది, వచ్చేటప్పుడు చుట్టాలతో వచ్చేది. కౌంటర్ మీద కాగితం అంటించి ఉండేది, 'స్కాన్ చేయనిదే పెన్ డ్రైవ్ పెట్టబడదు' అని. ఎవరైనా చేత్తో పట్టుకొస్తే చాలు, "ఏమప్పా, అది పెడితే నా సిస్టం చచ్చిపోతాది, పొయ్యి ఫార్మాట్ చేసుకోని రాపో" అనేవాడు. ఆయన దృష్టిలో అదొక అంటువ్యాధే. నిజానికి ఆయన పెట్టిన రూలు మా కాలేజీ ల్యాబులో కూడా ఉండుంటే ఎంత బాగుండేదో!

ఆ వైరస్సులు పని చేసే తీరు చాలా సింపులు. విండోస్ ఎక్స్‌పీలో పెన్ డ్రైవు పెట్టి తెరవగానే అందులో ఆటోరన్ డాట్ ఐఎన్ఎఫ్ అనే ఫైలు ఉంటే, అది చెప్పిన ప్రోగ్రాం నడిచేది. సీడీల కోసం పెట్టిన సౌకర్యం అది. వైరస్ దాన్ని వాడుకుని సిస్టంలోకి దూరి, మన ఫోల్డర్లని హిడెన్ చేసి, వాటి స్థానంలో అవే పేర్లతో షార్ట్‌కట్లు పెట్టేది. మనం ఫోటోలనుకుని నొక్కేది దాన్నే. దీనికి మేం నేర్చుకున్న మంత్రం ఆట్రిబ్ కమాండ్. బ్లాక్ స్క్రీన్ తెరిచి ఆట్రిబ్, మైనస్ హెచ్, మైనస్ ఎస్ అని కొడితే పోయాయనుకున్న ఫోటోలన్నీ వరసగా కనిపించేవి. నేను జీవితంలో నేర్చిన మొదటి కమాండ్ అదే, హలో వరల్డ్ కాదు. ఇంకో చిట్కా కూడా ఉండేది. పెన్ డ్రైవులో ఆటోరన్ డాట్ ఐఎన్ఎఫ్ అనే పేరుతో మనమే ఒక ఖాళీ ఫోల్డర్ చేసి పెట్టేయడం. ఒకే పేరుతో ఫోల్డరూ ఫైలూ రెండూ ఉండలేవు కాబట్టి వైరస్ తన ఫైలు రాయలేక నోరెళ్ళబెట్టేది. సీటు మీద కర్చీఫ్ వేసినట్టు :)

ఇదంతా చిల్లర గొడవ అనుకోకండి. అదే పెన్ డ్రైవు దారిలో, అవే షార్ట్‌కట్ ఫైళ్ళలోని లోపం వాడుకుని ఇరాన్ నతాంజ్ అణు కేంద్రంలో సెంట్రిఫ్యూజులని పాడుచేసిన స్టక్స్‌నెట్ 2010లో బయటపడింది. అక్కడ కూడా నెట్ కనెక్షన్ లేదు. అది సోకిన సిస్టంల లెక్కలో ఇరాన్, ఇండోనేషియాల తరవాత మన దేశమే ఉంది. మన పెన్ డ్రైవుల సంగతి అంత బాగుండేదన్నమాట. 2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పాత విండోసుల్లో కూడా పెన్ డ్రైవులకి ఆటోరన్ ఆపేస్తూ అప్‌డేట్ ఇచ్చింది. కానీ అప్‌డేట్ రావాలంటే నెట్టు కావాలి, ఒరిజినల్ విండోస్ కావాలి. మా వీధిలో రెండూ లేవు. అందుకే ఇంకో నాలుగైదేళ్ళు ఆ ఫోల్డర్లు మాతోనే ఉన్నాయి.

అప్పటి రోజుల్లో ఒక సుఖం ఉంది, అది ఇప్పుడు అర్థమవుతోంది. వైరస్ వస్తే ఒక సిస్టం పోయేది. ఫార్మాట్ చేసి ఎక్స్‌పీ సీడీ వేస్తే సాయంత్రానికి మళ్ళీ బతికేది. బయట ఊరు మామూలుగానే నడిచేది. డీలర్ రేషన్ ఇచ్చేవాడు, బ్యాంకులో డబ్బులిచ్చేవాళ్ళు, టీ కొట్టాయన చిల్లర ఇచ్చేవాడు.

2016 సెప్టెంబర్లో జియో వచ్చాక పెన్ డ్రైవు పని అయిపోయింది. ఫోటోలు వాట్సాపులో పోవడం మొదలయ్యాయి. ఇక వైరస్ రాసేవాళ్ళు కూడా సరదా మానేసి వ్యాపారంలోకి దిగారు. 2017 మే 12న వచ్చిన వన్నాక్రై ఫైళ్ళకి తాళం వేసి 300 డాలర్లు బిట్‌కాయిన్లలో అడిగింది. మన రాష్ట్రంలో చిత్తూరు, కృష్ణా, గుంటూరు లాంటి జిల్లాల పోలీసు కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. తిరుపతిలో టీటీడీ ఆఫీసు కంప్యూటర్లు కొన్నిటికి కూడా సోకింది. వెంకన్న హుండీ జోలికి మాత్రం పోలేదు! ఆ దాడికి కావాల్సిన ప్యాచ్ రెండు నెలల ముందే, మార్చి 14న వచ్చేసింది. ఎవరూ వెయ్యలేదు, అంతే. 2019 ఏప్రిల్ చివర్లో రెండు తెలుగు రాష్ట్రాల కరెంటు కంపెనీల వెబ్‌సైట్ల మీద ఇలాంటి దాడే జరిగింది. ఆన్‌లైన్ బిల్లులు ఆగాయి, కరెంటు మాత్రం ఆగలేదు.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసినవి ఇవి కావు. వైరస్సే లేకుండా అంతా ఆగిపోయిన రోజులు ఉన్నాయి చూడండి, అవీ. 2022 మే 24న అమలాపురంలో గొడవలు జరిగాక కోనసీమలో రోజుల తరబడి మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పనిచేసే మన సాఫ్ట్‌వేర్ వాళ్ళు ల్యాప్‌టాప్ భుజాన వేసుకుని సిగ్నల్ వెతుక్కుంటూ జిల్లా హద్దుల దాకా పోయారు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ వాళ్ళు పంపిన ఒక తప్పుడు అప్‌డేట్‌తో 85 లక్షల విండోస్ మెషిన్లు నీలం తెర వేసుకుని కూర్చున్నాయి. గమనించండి, అది వైరస్ కాదు, వైరస్ నుంచి కాపాడాల్సిన సాఫ్ట్‌వేర్! హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు. ఆ నెలాఖరులోనే సీ ఎడ్జ్ అనే కంపెనీ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగితే, మిగతావాటికి పాకకుండా సుమారు 300 చిన్న బ్యాంకులని పేమెంట్ల నెట్‌వర్క్ నుంచి విడదీశారు. అన్నీ సహకార బ్యాంకులూ, గ్రామీణ బ్యాంకులే.

2025 ఏప్రిల్ 12, శనివారం. యూపీఐ దేశమంతా మొరాయించిన రోజు. నంద్యాల బస్టాండు దగ్గర టిఫిన్ తిని అందరం ఫోన్లు పైకెత్తి నిలబడ్డాం. ఓనరు చూసి చూసి, "నోట్‌బుక్ లో రాసి పోండప్పా, రేపిద్దురు" అన్నాడు. మొత్తం ఆ వీధిలో ఫాల్‌బ్యాక్ ప్లాన్ ఉన్నది ఆయనొక్కడికే.

మనం ఇంజనీర్లం, సిస్టం రాసేటప్పుడు సర్వర్ పడిపోతే ఏం చెయ్యాలని మీటింగులు పెట్టుకుంటాం. నల్లమల అంచున అహోబిలం వైపు ఊళ్ళల్లో డీలరు ఈపాస్ మిషను పట్టుకుని సిగ్నల్ కోసం వాకిట్లోకి, వాకిట్లోంచి అరుగు మీదికి తిరగడం నేను చూశాను. మా అవ్వ వేలిముద్ర పడాలి, పడ్డాక సర్వరు పలకాలి, పలికాక బియ్యం. 2015లో ఆ మిషన్లు రావడానికి కారణాలున్నాయి, కాదనను. పాత రిజిస్టర్లో చచ్చిపోయినవాళ్ళు కూడా నెలనెలా బియ్యం తీసుకెళ్ళేవాళ్ళు. దొంగతనం తగ్గించడానికి కట్టిన గోడే అది. కానీ నెట్టు లేనప్పుడు ఆ గోడకి తలుపెక్కడ అని మా అవ్వ లాంటి మనిషి అడిగితే, "సర్వర్ లేదు, రేపు రా" అనేదే జవాబు. ఆ రేపటి కోసం ఆమె ఇంకో కూలి రోజు పోగొట్టుకుంటుంది. ఆ ఖర్చు మన ఏ డాష్‌బోర్డులోనూ కనపడదు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. ఆఫ్‌లైన్‌లో నమోదు చేసుకుని సిగ్నల్ వచ్చాక సింక్ చెయ్యడం కొత్త విద్యేమీ కాదు, నోట్స్ యాపులు కూడా చేస్తాయి ఆ పని.

ఇక ఇప్పటి వైరస్ మా ఆళ్ళగడ్డ శిల్పుల ఫోన్లలో ఉంది. వాళ్ళకి ఆర్డర్లన్నీ వాట్సాపులోనే వస్తాయి, ఏ గుడికి ఏ విగ్రహం, ఎన్నడుగులు, అడ్వాన్సు ఎంత.. అంతా అందులోనే. కిందటేడు మా దూరపు చిన్నాయన ఒకాయనకి పెళ్ళి పత్రిక అని ఒక ఫైలు వచ్చింది, చివర్న డాట్ ఏపీకే. ఇరవై అయిదేళ్ళ కింద ప్రేమలేఖ, ఇప్పుడు పెళ్ళి పత్రిక. కథ ముందుకే పోయింది మరి! "పత్రిక తెరుచుకోలేదురా, ఏదో పర్మిషన్ అడుగుతాంది" అని నాకు పంపించాడు. విప్పి చూస్తే మెసేజీలు చదివే పర్మిషన్, అంటే ఓటీపీలు. డిలీట్ చెయ్ చిన్నాయనా అని చెప్పేలోపే, తెరుచుకోలేదని వేరే ఎవరికైనా వస్తాదేమోనని, మా చుట్టాల గ్రూపులో పెట్టేశాడు. ఆ ఆదివారం మొత్తం నాకు ఒక్కొక్కరికీ ఫోన్ చెయ్యడంతోనే సరిపోయింది. ముగ్గురు నొక్కారు. ఇద్దరి అకౌంట్లలో ఏమీ లేదు కాబట్టి ఏమీ పోలేదు. మూడో ఆయన అకౌంట్లో ఒక విగ్రహం అడ్వాన్సు ఉంది. ఆయన చేత 1930కి ఫోన్ చేయించేసరికి సగం పోయింది, మిగతా సగం బ్యాంకు వాళ్ళు ఆపగలిగారు. విగ్రహం మాత్రం అనుకున్న రోజుకే ఇచ్చాడు.