రక్తపుపోటు మందు – కండబలము



తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో అరువది దాటినవారు నలుగురు కూడినచోట రక్తపుపోటు ప్రసంగము రాక మానదు. బిళ్లలు మ్రింగుటచేతనే పిక్కలు కరగిపోవుచున్నవని కొందఱనుట నేను వినుచున్నాను. ఆ భయముతో మందు మానుకొన్నవారును గలరు. ఇందు నిజమెంతయో ఆ మందుల చరిత్రమే చెప్పగలదు.

మన వైద్యులు పూర్వమునుండి వాడిన సర్పగంధ వేరు రక్తపుపోటును తగ్గించునని బొంబాయి వైద్యులు రుస్తుం జాల్ వకీలుగారు 1949లో ఆంగ్లేయుల హృద్రోగపత్రికలో ప్రకటించిరి. పేరున మాత్రమే పామున్న ఆ వేరు పిమ్మట నిజమైన పామే దారి చూపినది. బ్రెజిలు దేశపు జరరాక యను పాము విషములో, రక్తనాళములను సడలించు దేహపదార్థమునకు బలమిచ్చు అంశమును 1965లో ఫెరీరా యను శాస్త్రజ్ఞుడు వెల్లడించెను. ఆ జాడ ననుసరించి అమెరికాలో కుష్మన్, ఒండెట్టి యనువారు 1975లో కాప్టోప్రిల్ అను మందును కల్పించిరి. రక్తనాళములను బిగించు పదార్థము దేహములో పుట్టకుండ అది అడ్డుపడును. ఎనలాప్రిల్, రామిప్రిల్, పెరిండోప్రిల్ ఈ జాతివే.

రక్తపుపోటు గల 641 మంది అమెరికా వృద్ధస్త్రీలను మూడేండ్లు పరిశీలించిన ఫలితము 2002లో వెలువడినది. ఈ జాతి మందు నెడతెగక పుచ్చుకొన్నవారి మోకాటిబలము తక్కినవారికన్న మెల్లగా తగ్గినది. 2007లో స్కాట్లండునందు 130 మంది వృద్ధులపై జరిపిన పరీక్షలో, ఇరువది వారములు పెరిండోప్రిల్ వాడినవారు ఆరు నిమిషముల నడకలో తక్కినవారికన్న 31 మీటర్ల లాభము పొందిరి. కండకు మందు దొరకినదను ఆశ కలిగినది. కాని కండ క్షీణించిన డెబ్బది యేండ్లు పైబడినవారు 145 మందిపై బ్రిటనులో జరిపి 2022లో ప్రకటించిన పరీక్షలో ఆ లాభము కానరాలేదు.

కావున ఈ జాతి మందు కండను పెంచునని నమ్మరాదు. కరగించునని బెదరను రాదు. నీరు వెడలించు బిళ్లలు మాత్రము కొందఱికి పొటాషియమను లవణమును తగ్గించి నీరసము తెచ్చును. రక్తపరీక్షచే అది తెలియును.

ఆయుర్వేదము సప్తధాతువులలో మూడవదిగా నెన్నిన మాంసము వార్ధకముచేతను, కదలిక లేమిచేతను క్షీణించును. దానికి చికిత్స నడకయు, చేయూత లేక కుర్చీనుండి లేచి కూర్చుండు అభ్యాసమును, చాలినంత పప్పు, పాలు, గ్రుడ్డు, చేపయును. వరికోత కాగానే మాగాణిలో మినుము, పెసర పండించు డెల్టావారి కంచమున పప్పు పలుచబడ నేల? తగ్గింపవలసినవి ఊరగాయయు, ఉప్పుచేపయును.

తనంత తాను మందు మానినవానికి పక్షవాతపు ముప్పు హెచ్చును. కాళ్లు సన్నబడుచున్నవని తోచినవారు బిళ్లను మానక, ఆ మాటను వైద్యునితో చెప్పుకొనవలెను.