రక్తపోటును తగ్గించే వృక్ష పెప్టైడ్లు

కొన్ని అమైనో ఆమ్లాలు గొలుసువలె కలిసి ఏర్పడిన చిన్న అణువును పెప్టైడు అంటారు. వృక్షసంబంధమైన ఆహారంలోని మాంసకృత్తులు (ప్రోటీనులు) విచ్ఛిన్నమైనప్పుడు వెలువడే పెప్టైడ్లలో కొన్నింటికి రక్తపోటును తగ్గించే గుణం ఉన్నట్లు పరిశోధనలలో కనుగొన్నారు. సోయా చిక్కుడు, నువ్వులు, వరి, బఠాణీ, పాలకూర మొదలైన వాటి నుండి ఇటువంటి పెప్టైడ్లను వేరుచేశారు.

ఏర్పడే విధానం

ప్రోటీనులో భాగంగా ఉన్నంతవరకు ఈ పెప్టైడ్లు నిష్క్రియంగా ఉంటాయి. జీర్ణకోశంలోని పెప్సిన్, ట్రిప్సిన్ వంటి ఎంజైములు గాని, ఆహారాన్ని పులియబెట్టే సూక్ష్మజీవులు గాని ప్రోటీనును ఖండించినప్పుడు ఇవి విడుదలవుతాయి. పరిశ్రమలలో ఎంజైములను ఉపయోగించి వీటిని తయారుచేస్తారు.

పనిచేసే విధానం

మూత్రపిండాల నుండి వెలువడే రెనిన్ ప్రభావం వలన రక్తంలో ఆంజియోటెన్సిన్-1 ఏర్పడుతుంది. ఇందులో 10 అమైనో ఆమ్లాలు ఉంటాయి. ఏసీఈ అనే ఎంజైము వీటిలో రెండింటిని తొలగించి దీనిని ఆంజియోటెన్సిన్-2 గా మారుస్తుంది. ఇది రక్తనాళాలను సంకోచింపజేసి రక్తపోటును పెంచుతుంది. రక్తనాళాలను వ్యాకోచింపజేసే బ్రాడికైనిన్‌ను కూడా ఏసీఈ నాశనం చేస్తుంది. అనేక వృక్ష పెప్టైడ్లు ఈ ఎంజైమును నిరోధిస్తాయి.

కాప్టోప్రిల్ అనే ఔషధం పనిచేసేది కూడా ఈ విధంగానే. బ్రెజిల్‌కు చెందిన ఒక రక్తపింజర జాతి సర్పపు విషంలోని పెప్టైడ్లు దీని రూపకల్పనకు ఆధారమయ్యాయి. అమెరికాలో దీనికి 1981లో అనుమతి లభించింది.

ఉదాహరణలు

* నువ్వులు: లూసిన్, వాలిన్, టైరోసిన్ అనే మూడు అమైనో ఆమ్లాల పెప్టైడు ముఖ్యమైనది. నువ్వుల పెప్టైడ్లు చేర్చిన పానీయాన్ని జపానులో ప్రత్యేక ఆరోగ్య ఆహారంగా విక్రయిస్తున్నారు.
* పాలకూర: ఆకులలోని రుబిస్కో అనే ప్రోటీను నుండి లభించిన కొన్ని పెప్టైడ్లు, అధిక రక్తపోటు గల ఎలుకలకు నోటి ద్వారా ఇచ్చినప్పుడు రక్తపోటును తగ్గించాయి.

పరిమితులు

పరీక్షనాళికలో ఏసీఈని నిరోధించిన ప్రతి పెప్టైడూ శరీరంలో అదే ఫలితాన్ని ఇవ్వదు. చాలా పెప్టైడ్లు రక్తంలో చేరకముందే జీర్ణకోశంలో మరింత చిన్న ముక్కలుగా విడిపోతాయి. నువ్వులు లేదా పాలకూర తిన్నంత మాత్రాన, పరీక్షలలో వాడిన మోతాదు లభిస్తుందని చెప్పలేము.

అధిక రక్తపోటు తరచుగా ఏ లక్షణాలూ లేకుండానే గుండెకు, మెదడుకు, మూత్రపిండాలకు హాని కలిగిస్తుంది. అందువలన ఈ పెప్టైడ్లు వైద్యులు సూచించిన మందులకు ప్రత్యామ్నాయం కావు. ఇప్పటికే మందులు వాడుతున్నవారు పెప్టైడు ఉత్పత్తులను తీసుకొనే ముందు వైద్యుని సంప్రదించాలి.