లాకుల దారి

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి కాలువలు పొలాలకు నీళ్లే కాదు, పడవలకు దారీ ఇచ్చాయి. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు. లేకుంటే గట్టున నడుస్తూ తాడుతో లాగేవారు. నీటిమట్టం మారిన చోట లాకులు పడవను దించేవి, ఎక్కించేవి.

మా తాతది ఆ పడవలు లాగే పనే. వయసు మళ్లాక తాడు కొడుకులకిచ్చి తాను చుక్కాని పట్టాడు. లారీలొచ్చి పడవలు మూలపడ్డాక ఒక్కడే దోనెలో చేపలకు వెళ్లేవాడు. కట్టడి మాత్రం మారలేదు: రేవులో ఎవరికైనా చెప్పి కదలాలి, దోనెలో నిలబడకూడదు, గట్టు వదలకూడదు, గాలి తిరగకముందే ఇంటిదారి పట్టాలి.

"ఈత వచ్చని ధీమా పడకురా, అరవై దాటాక జబ్బల్లో సత్తువ ఒడ్డుదాకా రాదు" అనేవాడు. ఆ కట్టడికి నేను చేర్చేది లైఫ్ జాకెట్ ఒక్కటే.