పల్లె కోసం పుట్టిన స్టూడియో

తెలుగు టీవీ ముందు నగరంలో మొదలై పల్లెకి చేరిందనుకుంటాం. జరిగింది తిరగేసి. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు ‘సైట్’ ప్రయోగంలో, అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 గ్రామాలకి కార్యక్రమాలు వెళ్లాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మన పల్లెల కోసం హైదరాబాద్ నిర్మాణ కేంద్రంలో వ్యవసాయం, ఆరోగ్యం, బడిపిల్లల పాఠాలు తెలుగులో తయారయ్యేవి. గడువు తీరాక ఉపగ్రహం వెళ్లిపోయింది.

హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబర్ 23న మొదలైంది. ఈసారి ప్రసారం నేలమీది ట్రాన్స్‌మిటర్ నుంచి. అది నగరానికి, చుట్టుపక్కలకి సరిపోయింది. తెనాలి దగ్గర మా సంగం జాగర్లమూడి దాకా రాలేదు. స్టూడియో చరిత్రలో కెమెరాల లెక్కతో పాటు, సిగ్నల్ ఏ ఊరి ముందు ఆగిపోయిందో కూడా రాయాలి.