కారు క్లచ్: మార్చాల్సిన సమయాన్ని గుర్తించడం ఎలా?

ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్‌కు అందించడం, అవసరమైనప్పుడు ఆ రెండింటినీ విడదీయడం కారులో క్లచ్ పని. ఇంజిన్ వెనక తిరిగే ఫ్లైవీల్‌కూ, స్ప్రింగు బలంతో నొక్కిపట్టే ప్రెషర్ ప్లేటుకూ నడుమ క్లచ్ ప్లేటు ఉంటుంది. పెడల్ మీద కాలు లేనంతసేపూ ఈ మూడూ కలిసి తిరుగుతాయి. పెడల్ తొక్కితే రిలీజ్ బేరింగ్ వచ్చి డయాఫ్రం స్ప్రింగు వేళ్లను నొక్కుతుంది. దాంతో పట్టు సడలి ప్లేటు విడివడుతుంది. ప్లేటుకు రెండు వైపులా రివెట్లతో బిగించిన లైనింగ్, బ్రేకుల్లో లైనింగ్ లాగే, వాడేకొద్దీ అరిగిపోతుంది. ఎంత త్వరగా అరుగుతుందన్నది మోడల్ కంటే నడిపేవారి కాలి అలవాటు మీదే ఎక్కువ ఆధారపడుతుంది. హాఫ్ క్లచ్ మీద ట్రాఫిక్‌లో పాకించే బండికి 40 వేల కిలోమీటర్లకే ప్లేటు పోవచ్చు. ఎక్కువగా హైవే మీద తిరిగే అదే మోడల్ లక్ష దాటినా నిక్షేపంగా ఉండొచ్చు. అందుకే కిలోమీటర్లు చూసి క్లచ్ మార్చాలనే సలహాకు విలువ లేదు. లక్షణాలే చూడాలి.

వాటిలో తిరుగులేనిది స్లిప్. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ మోత పెరుగుతుంది, ఆర్‌పీఎం ముల్లు పైకి లేస్తుంది, బండి వేగం మాత్రం అందుకోదు. ‘ఇంజిన్ అరుస్తోంది గానీ పికప్ లేదు’ అని డ్రైవర్లు చెప్పేది దీన్నే. ఈ జబ్బు మొదట ఊళ్లో కనిపించదు. మొదటి, రెండో గేర్లలో బండి తేలిగ్గా కదులుతుంది కాబట్టి అరిగిన ప్లేటు కూడా నెట్టుకొస్తుంది. పై గేరులో, ఎత్తు మీద, నిండా మనుషులున్నప్పుడు లోపం బయటపడుతుంది. తిరుపతి నుంచి కొండపైకి వెళ్లే రెండో ఘాట్ రోడ్డు, విశాఖ నుంచి అరకు వెళ్లే ఘాట్ ఇలాంటి పరీక్షలే. అక్కడ కుటుంబం మొత్తం కారులో ఉండగా క్లచ్ చేతులెత్తేస్తే పడే ఇబ్బంది అంతా ఇంతా కాదు. ప్రయాణానికి ముందే చూసుకోవడం మేలు.

చూసుకోవడం కష్టమేమీ కాదు. ఖాళీగా ఉన్న సమతల రోడ్డు మీద నాలుగో గేరులో గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా పూర్తిగా తొక్కాలి. ఆర్‌పీఎం, వేగం రెండూ కలిసి పెరిగితే క్లచ్ పట్టు బాగున్నట్టే. ముల్లు ముందు ఎగిరి, వేగం వెనకబడితే స్లిప్ మొదలైనట్టు. ముఖ్యంగా టర్బో డీజిల్ కార్లలో టార్క్ ఉద్ధృతంగా వచ్చే దగ్గర ఇది బాగా తెలుస్తుంది. 1.3 లీటర్ల డీజిల్ స్విఫ్ట్‌లో 190 న్యూటన్ మీటర్ల గరిష్ఠ టార్క్ 2,000 ఆర్‌పీఎం దగ్గరే వచ్చేస్తుంది. అలసిన ప్లేటు ఆ చోటే జారుతుంది. పాత కారు కొనబోయేవారు ఈ పరీక్ష చేయకుండా బేరం ఖాయం చేసుకోకూడదు.

మెకానిక్‌లు చేసే మరో పరీక్ష ఉంది. హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, మూడో గేరు వేసి, కొద్దిగా యాక్సిలరేటర్ ఇస్తూ క్లచ్ వదిలితే ఇంజిన్ వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు జారుతోందని అర్థం. ముందు ఎవరూ నిలబడని చోట, ఒక్కసారి, రెండు మూడు సెకన్లకు మించకుండా చేయాలి. పదేపదే చేస్తే బాగున్న ప్లేటు కూడా కాలుతుంది.

కాలిన వాసన గురించి తొందరపడి తీర్పు ఇవ్వకూడదు. అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీద కారును రివర్స్‌లో ఎక్కిస్తే కొత్త క్లచ్ కూడా వాసన కొడుతుంది. చల్లారాక పట్టు మామూలుగా ఉంటే కంగారు అక్కర్లేదు. మామూలు ప్రయాణంలో కూడా ఆ వాసన వస్తూ, దానికి స్లిప్ తోడైతే మాత్రం ఆలస్యం చేయకూడదు. లైనింగ్ పూర్తిగా పోతే రివెట్లు ఫ్లైవీల్‌ను గీకుతాయి, ప్లేటు ఖర్చుకు ఫ్లైవీల్ ఖర్చు తోడవుతుంది.

పెడల్ కూడా కొంత చెబుతుంది. లైనింగ్ పలచబడేకొద్దీ డయాఫ్రం స్ప్రింగు వేళ్లు రిలీజ్ బేరింగ్ వైపు జరుగుతాయి. అందుకే కేబుల్ క్లచ్ ఉన్న కార్లలో పెడల్ బాగా పైకి వచ్చాక గానీ క్లచ్ అందుకోదు. మారుతి 800 నడిపినవారికి ఇది బాగా తెలుసు. డయాఫ్రం స్ప్రింగుకు ఇంకో గుణం ఉంది. పాతకాలపు కాయిల్ స్ప్రింగు క్లచ్‌లలో ప్లేటు అరిగేకొద్దీ నొక్కుడు బలం తగ్గేది. డయాఫ్రం స్ప్రింగులో అది మొదట కొంత పెరిగి, ఆ తర్వాత పడిపోతుంది. ప్లేటు అరిగేకొద్దీ పెడల్ ‘హార్డ్’ కావడానికి ఇదే కారణం. అయితే హైడ్రాలిక్ క్లచ్‌లు చాలా వాటిలో అరుగుదల తనంతట తానే సర్దుబాటవుతుంది, పెడల్ అందుకునే చోటు పెద్దగా మారదు. ఆ కార్లలో పెడల్ ఎత్తును నమ్ముకుంటే మోసపోతాం.

అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు జరిగేది గేరు పడని సందర్భంలో. పెడల్ పూర్తిగా తొక్కినా గేరు మొరాయిస్తుంది, రివర్స్ వేస్తే కరకరమంటుంది. చాలా కార్లలో రివర్స్ గేరుకు సింక్రోమెష్ (గేర్ల వేగాలను సమం చేసే ఏర్పాటు) ఉండదు కాబట్టి చప్పుడు అక్కడే ముందు వినిపిస్తుంది. క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదన్నదే దీని అర్థం, ప్లేటు అరిగిందని కాదు. కారణం కేబుల్ సాగడం కావచ్చు, మాస్టర్ సిలిండర్‌లోనో స్లేవ్ సిలిండర్‌లోనో లీకు కావచ్చు, పైపుల్లో గాలి చేరడం కావచ్చు. పెడల్‌ను రెండు మూడుసార్లు గబగబా తొక్కితే గేరు సాఫీగా పడుతోందంటే ముందుగా అనుమానించాల్సింది హైడ్రాలిక్స్‌నే. చాలా కార్లలో క్లచ్‌కూ బ్రేక్‌కూ ద్రవం ఒకే డబ్బా నుంచి వెళ్తుంది. అందులో మట్టం తగ్గితే అది బ్రేకులకు సంబంధించిన హెచ్చరిక కూడా, అశ్రద్ధ చేయకూడదు. కేబుల్‌తోనో సిలిండర్‌తోనో పోయే పనికి గేర్‌బాక్స్ దించి కొత్త సెట్ వేయడం కారు యజమానికి జరిగే అన్యాయం.

నీళ్లలో నానిన బండిది వేరే సంగతి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పటిలాంటి పరిస్థితిలో, తడిసి రోజుల తరబడి కదలని కారులో ప్లేటు తుప్పుతో ఫ్లైవీల్‌కు అంటుకుపోవచ్చు. అప్పుడు లైనింగ్ నిండుగా ఉన్నా క్లచ్ విడిపోదు.

చప్పుళ్ల లెక్క తేలిక. ఇంజిన్ నడుస్తూ గేరు న్యూట్రల్‌లో ఉండగా, పెడల్ తొక్కినప్పుడు గీమని మొదలైతే రిలీజ్ బేరింగ్‌ది. పెడల్ వదిలినప్పుడు ఉండి, తొక్కగానే పోతే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్‌ది. బండి కదిలేటప్పుడు దడదడ వణికితే లైనింగ్ మీద ఆయిల్ పడిందేమో, ఫ్లైవీల్ వేడికి మచ్చలు తేలిందేమో చూడాలి. ఇంజిన్ మౌంటింగులు పోయినా ఇదే వణుకు వస్తుంది, ముందు వాటిని చూడటం చవక. ఆయిల్ కారణమైతే క్రాంక్ షాఫ్ట్ వెనక సీలు మార్చకుండా కొత్త ప్లేటు వేయడం దండగ.

పెడల్ లేని కార్లకు క్లచ్ బాధ లేదన్నది అపోహ. 2014లో సెలేరియోతో మన దేశంలో బాగా వ్యాపించిన ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్)లో ఉండేది మామూలు పొడి క్లచ్చే, తొక్కే పని యంత్రం చేస్తుంది. ఎత్తు మీద ట్రాఫిక్‌లో బ్రేకు వేయకుండా యాక్సిలరేటర్‌తో బండిని నిలబెడితే ఆ ప్లేటు కూడా వేగంగా కాలుతుంది. కదిలేటప్పుడు కుదుపు, గేర్లు మారడంలో తడబాటు, డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం అక్కడి లక్షణాలు. కొన్ని డీజిల్ కార్లలో డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ ఉంటుంది. ఇంజిన్ ఆపేటప్పుడు గడగడమంటే దాన్నీ పరీక్షించాలి, ఎందుకంటే దాని ధర క్లచ్ సెట్‌ను మించిపోవచ్చు.

మార్చక తప్పదని తేలితే ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ కలిపి సెట్‌గా మార్చడమే సరైన పద్ధతి. ఈ పనిలో కూలి ఖర్చంతా గేర్‌బాక్స్ దించి ఎక్కించడంలోనే ఉంటుంది. బేరింగ్ దగ్గర కాస్త మిగుల్చుకుందామని చూస్తే ఆరు నెలలకు అదే కూలి మళ్లీ కట్టాల్సి రావచ్చు. క్లచ్‌ను అరిగే భాగంగా లెక్కగట్టి చాలా కంపెనీలు మామూలు అరుగుదలకు వారంటీ ఇవ్వవు.

గేర్‌బాక్స్ దించాక పాత ప్లేటును చేతిలోకి తీసుకుని చూడండి. లైనింగ్ ఉపరితలం నుంచి రివెట్ తల ఎంత లోతున ఉందో కొలవమనండి. చాలా సర్వీస్ మాన్యువల్స్‌లో మార్పిడి హద్దు 0.3 నుంచి 0.5 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. లోతు అంతకంటే బాగా ఎక్కువగా ఉండి, ఆయిల్ మరకా, కాలిన గుర్తూ లేకపోతే, కొత్త సెట్‌కు ఒప్పుకునే ముందు అసలు లోపం ఎక్కడుందో చూపించమని అడగండి.