కాళ్ల వాపులు మామూలే అనుకుంటున్నారా? ప్రీఎక్లాంప్సియాలో రక్తనాళాలకు జరిగేది ఇదే..

గర్భిణికి కాళ్లు వాస్తే ‘నెలలు నిండుతున్నాయి కదా, మామూలే’ అని ఇంట్లోవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. చాలాసార్లు అది నిజమే. కానీ ముఖం, చేతులు ఉన్నట్టుండి వాచినా, తలనొప్పి తగ్గకపోయినా, చూపు మసకబారినా, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వచ్చినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సిందే. అది ప్రీఎక్లాంప్సియా కావొచ్చు. 20 వారాలు దాటాక బీపీ 140/90 లేదా అంతకంటే ఎక్కువ ఉండి, మూత్రంలో ప్రోటీన్ పోతుంటే డాక్టర్లు ఈ పేరు చెబుతారు. ప్రోటీన్ పోకపోయినా కాలేయం, కిడ్నీలు దెబ్బతింటే, ప్లేట్‌లెట్లు పడిపోతే కూడా అదే.

దీన్ని ఉత్త బీపీ జబ్బు అనుకుంటే పొరపాటే. సమస్య మొదలయ్యేది మాయ దగ్గర. మామూలుగా గర్భం నిలిచాక మాయ కణాలు గర్భాశయంలోని సన్నటి, మెలికల ధమనుల్లోకి చొచ్చుకెళ్లి వాటిని వెడల్పు చేస్తాయి. అప్పుడే బిడ్డకు రక్తం ధారాళంగా అందుతుంది. ముఖ్యంగా ముందుగా వచ్చే ప్రీఎక్లాంప్సియాలో ఈ పని మధ్యలోనే ఆగిపోతుంది. నాళాలు ఇరుగ్గానే ఉండిపోతాయి. ఆక్సిజన్ చాలని మాయ ఎస్‌ఎఫ్ఎల్‌టీ-1 అనే ప్రోటీన్‌ను తల్లి రక్తంలోకి ఎక్కువగా వదులుతుంది.

అసలు నష్టం ఇక్కడే. రక్తనాళాల లోపలి పొరను కాపాడే వీఈజీఎఫ్, పీఎల్‌జీఎఫ్‌ ప్రోటీన్లను ఇది పట్టేసి పనిచేయనివ్వదు. నాళాలను వదులుగా ఉంచే నైట్రిక్ ఆక్సైడ్ తగ్గిపోతుంది. నాళాలు బిగుసుకుంటాయి, బీపీ పెరుగుతుంది. పొర లీకై నీరు బయటికి వస్తే వాపు. కిడ్నీ వడపోత పాడైతే మూత్రంలో ప్రోటీన్. దెబ్బ మెదడు నాళాలకు తగిలితే ఫిట్స్. పల్లెల్లో గుర్రపు వాతం అని భయపడేది ఈ ఫిట్స్‌కే. ఇంకోపక్క కడుపులో బిడ్డ ఎదుగుదల కూడా మందగిస్తుంది.

బీపీ మాత్రలు అంకెను తగ్గిస్తాయి కానీ మాయను బాగుచేయలేవు. అందుకే పరిస్థితి విషమిస్తే నెలలు నిండకపోయినా ప్రసవం చేస్తారు. మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్‌తో ఫిట్స్ ముప్పు సగానికి పైగా తగ్గుతుందని 2002లో మ్యాగ్‌పై ట్రయల్ తేల్చింది. గత కాన్పులో ప్రీఎక్లాంప్సియా వచ్చినవాళ్లకు, షుగర్ లేదా పాత బీపీ ఉన్నవాళ్లకు, కవలలు ఉన్నవాళ్లకు డాక్టర్లు తక్కువ డోసు ఆస్పిరిన్ రాస్తారు. 12 నుంచి 16 వారాల మధ్య మొదలుపెడితే మంచి ఫలితం. సొంతంగా మాత్రం వేసుకోవద్దు.

కాన్పు అయిపోయింది కదా అని బీపీ చూడటం మానేయడమే చాలా ఇళ్లలో జరిగే పని. ప్రసవం తర్వాత 6 వారాల్లోపు కూడా ఇది రావొచ్చు. అప్పుడు తగ్గిపోయినా, ముందుముందు హైబీపీ, గుండెజబ్బు, పక్షవాతం ముప్పు మిగతా తల్లుల కంటే ఎక్కువే. ఏళ్లు గడిచాక వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఆ కాన్పు సంగతి చెప్పాలి, ఏటా బీపీ చూపించుకోవాలి.