38వ దోమ

 ఆగస్టు 20 ప్రపంచ దోమల దినం. ఆరోగ్య సిబ్బంది ర్యాలీలు తీస్తారు, అధికారులు ప్రకటనలు ఇస్తారు. ఆ తేదీకీ మన హైదరాబాదుకీ ఉన్న బంధం మాత్రం ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లలోనే చాలామందికి తెలియదు. 1897లో అదే రోజు, సికింద్రాబాద్ కంటోన్మెంటును ఆనుకుని ఉన్న బేగంపేటలో ఒక సైనిక వైద్యుడు దోమ కడుపు కోసి, అందులో మలేరియా క్రిమిని పట్టుకున్నాడు. లోకమంతా గుర్తుపెట్టుకున్న ఆ రోజును మనం ఒక్క వాక్యంలో తేల్చేయడం నాకు మనసొప్పదు.

చలిజ్వరం మనకు కొత్తది కాదు. ఎన్ని దుప్పట్లు కప్పినా ఆగని వణుకు, ఆ వెంటనే ఒళ్లు కాలిపోయే జ్వరం, చివర్న చెమటలు. మళ్లీ రోజు విడిచి రోజు అదే వరస. ఆయుర్వేదం వీటిని విషమ జ్వరాలంది. సుశ్రుత సంహిత దోమల్ని అయిదు రకాలుగా విడగొట్టి, కొండదోమ కాటు ప్రాణాంతకమని హెచ్చరించింది కూడా. ఆ తర్వాత వందల ఏళ్ల పాటు జనం ఈ జ్వరానికి గాలినీ నీటినీ తప్పుపట్టారు. మన్యం వెళ్లొచ్చినవాడికి జ్వరం తగిలితే నీళ్లు పడలేదన్నారు. 1879లో రంప తిరుగుబాటును అణచడానికి గోదావరి ఏజెన్సీకి వెళ్లిన దళాలను కొండవాళ్ల బాణాలతో పాటు ఈ జ్వరమూ పీడించింది. సింకోనా బెరడు నుంచి 1820లో క్వినైన్ తీశారు. 1860ల నాటికి నీలగిరుల్లో సింకోనా తోటలు లేచాయి. మందు దొరికింది కానీ జబ్బు ఎలా వస్తుందో తెలియలేదు. 1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు రోగి రక్తంలో క్రిమిని చూశాడు. ఆ క్రిమి రక్తంలోకి ఎలా చేరుతోందన్నదే మిగిలిన చిక్కుముడి.

దాన్ని విప్పిన రొనాల్డ్ రాస్ 1857లో అల్మోరాలో పుట్టాడు. తండ్రి సైన్యంలో జనరల్. రాస్ లండన్‌లో వైద్యం చదివి 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు. 1883లో బెంగళూరులో ఉన్నప్పుడు తన గదిలో దోమలు మరీ ఎక్కువగా ఉన్నాయని వెతికితే, కిటికీ బయట నీళ్ల తొట్టిలో దోమపిల్లలు కనిపించాయి. తొట్టి బోర్లిస్తే దోమలు తగ్గాయి. మెస్సులోని తొట్లు, పూలకుండీలు కూడా ఖాళీ చేయిద్దామంటే అక్కడి అధికారి వద్దన్నాడు. దోమల్ని ఏదో ప్రయోజనం కోసమే సృష్టించి ఉంటారు, ఓర్చుకోవడమే మన విధి అన్నాడట. రాస్ ఆ సంగతి మరిచిపోలేదు.

1894లో సెలవు మీద లండన్ వెళ్లినప్పుడు ప్యాట్రిక్ మాన్సన్‌ను కలిశాడు. బోదకాలు క్రిమి దోమ ఒంట్లో పెరుగుతుందని చైనాలో 1877లోనే గుర్తించిన పెద్దాయన ఆయన. మలేరియా వెనక కూడా దోమే ఉందేమోనన్న అనుమానం ఆయనదే. సూక్ష్మదర్శినిలో క్రిమిని చూపించి రాస్‌ను ఇండియాకు సాగనంపాడు. 1895లో రాస్‌ను సికింద్రాబాద్‌లో 19వ మద్రాసు పదాతిదళం వైద్యుడిగా నియమించారు.

అక్కడి నుంచి రెండేళ్లు ఎదురుదెబ్బలే. రోగుల్ని దోమతెరలో పడుకోబెట్టి దోమల్ని వదిలేవాడు. అవి రక్తం తాగాక ఒక్కోదాన్నీ కోసి చూసేవాడు. ఏమీ కనబడేది కాదు. మధ్యలో కలరా పని మీద బెంగళూరు వెళ్లాల్సి వచ్చింది. 1897 వేసవిలో నీలగిరుల దిగువన సిగూరు కనుమలో మలేరియా కోసం వెతుకుతూ తానే ఆ జ్వరం తెచ్చుకున్నాడు. అసలు లోపం దోమల ఎంపికలో ఉంది. అందరి ఇళ్లలో విరివిగా దొరికే క్యూలెక్స్, ఏడిస్ దోమల్నే అన్నాళ్లూ కోస్తూ వచ్చాడు. మనిషి మలేరియా వాటిలో పెరగదు. దోమల పేర్లు చెప్పే శాస్త్రగ్రంథాలు దగ్గర లేవు. బూడిద రంగువి, చారలవి, మచ్చల రెక్కలవి అని తన గుర్తులు తానే పెట్టుకున్నాడు. వీటిలో మచ్చల రెక్కల దోమ, అంటే ఇవాళ మనం అనాఫిలిస్ అనేది, తక్కినవాటిలా గోడకు సమాంతరంగా వాలదు. తల కిందికి, తోక పైకి పెట్టి ఏటవాలుగా నిలబడుతుంది. దాని గుడ్లు పడవ ఆకారంలో ఉంటాయి. దాని పిల్లలు నీళ్లలో తలకిందులుగా వేలాడకుండా నీటి మీద బల్లపరుపుగా తేలుతాయి. ఇవాళ మలేరియా శాఖలో చేరిన ఏ చిన్న ఉద్యోగికైనా మొదట నేర్పేది ఈ తేడానే. అప్పట్లో దాన్ని కళ్లతో చూసి పట్టుకోవాల్సి వచ్చింది.

1897 ఆగస్టు నడిమిలో ఆయన మనుషులు తెచ్చిన నీళ్లసీసాలోంచి మచ్చల రెక్కల దోమలు బయటికొచ్చాయి. ఆసుపత్రిలో హుస్సేన్ ఖాన్ అనే రోగి ఉన్నాడు. అతని రక్తంలో మలేరియా క్రిములు దండిగా ఉన్నాయి. ఆగస్టు 16న అతన్ని దోమతెర లోపల పడుకోబెట్టి ఆ దోమల్ని వదిలారు. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా. పది దోమలు కుట్టాయి, పది అణాలు చేతిలో పడ్డాయి. వైద్యచరిత్రలో రాస్ పేరు చెప్పిన ప్రతిచోటా హుస్సేన్ ఖాన్ పేరు కూడా చెప్పాలని నేను గట్టిగా నమ్ముతాను. జ్వరంతో నీరసించిన ఆ మనిషి చేయి చాచకపోతే ఈ కథ ముందుకు నడిచేది కాదు.

తర్వాతి నాలుగు రోజుల్లో కొన్ని దోమలు చచ్చిపోయాయి, కొన్నింటిని కోసినా ఏమీ తేలలేదు. ఆగస్టు 20 నాటికి మిగిలినవి రెండే. ఉక్కపోత. పంకా వేయిద్దామంటే ఆ గాలికి దోమ ముక్కలు ఎగిరిపోతాయి. చిన్న చిన్న ఈగలు కళ్లలోనూ చెవుల్లోనూ దూరుతున్నాయి. నుదుటి నుంచీ చేతుల నుంచీ కారిన చెమటకు సూక్ష్మదర్శిని మరలు అప్పటికే తుప్పుపట్టాయి, మిగిలిన ఒకే ఒక కంటి అద్దం కూడా పగిలి ఉంది. మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో 38వ దోమను కోశాడు. సూదుల మొనలతో కడుపు బయటికి లాగి, గాజు పలక మీద పరిచి, ఒక్కో కణాన్నీ వరసగా చూస్తూ పోయాడు. కడుపు గోడలో గుండ్రటి కణం ఒకటి కనిపించింది. వెడల్పు దాదాపు 12 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వందో వంతు కంటే కాస్త ఎక్కువ. దోమ కడుపులో అలాంటి కణం ఉండదు. ఇంకాస్త జాగ్రత్తగా చూస్తే దాని లోపల నల్లటి నలుసులు. రోగి రక్తంలోని మలేరియా క్రిమిలో కనబడే నలుసులూ అవే. ఆ పక్కన అలాంటివే మరికొన్ని కణాలు.

కేకలు పెట్టలేదు, ఎవరినీ పిలవలేదు. బొమ్మలు గీసుకుని, ఇంటికెళ్లి గంటసేపు నిద్రపోయాడు. లేవగానే తట్టిన ఆలోచనే నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే ఇష్టం. అవి నిజంగా బతికున్న క్రిములైతే, మిగిలిన ఆ ఒక్క దోమలో రేపటికి ఇంకా పెద్దవై ఉండాలి. మర్నాడు దాన్ని కోశాడు. కణాలు పెద్దవయ్యాయి. రుజువు దొరికింది. ఆ రాత్రి ఆయన దేవుడికి కృతజ్ఞత చెబుతూ కవిత రాసుకున్నాడు.

ఆ డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం అచ్చయింది. ఈలోగా సైన్యం రాస్‌ను మలేరియా రోగులు పెద్దగా దొరకని రాజపుతానాలోని ఖేర్వారాకు బదిలీ చేసింది. 1898లో కలకత్తా చేరాక మనుషుల్ని వదిలి పక్షుల మలేరియా మీద పడ్డాడు. మహమ్మద్ బక్ష్ అనే సహాయకుడు దోమలు పట్టి, పెంచి ఇచ్చాడు. జులైలో దోమ లాలాజల గ్రంథుల్లో క్రిమి దొరికింది. కుట్టినప్పుడే జబ్బు ఎక్కుతుందని తేలింది. అదే ఏడాది ఇటలీలో గ్రాస్సీ బృందం మనిషి మలేరియాను అనాఫిలిస్ దోమే మోస్తుందని నిరూపించింది. ఘనత ఎవరిదన్న తగవు ఇద్దరి మధ్యా చివరిదాకా నడిచింది. 1902లో నోబెల్ రాస్‌కు వచ్చింది. 1932లో కన్నుమూశాడు.

ఇక్కడి నుంచి కథ సూటిగా సాగదు. డీడీటీ అనే దోమల మందు వచ్చింది. స్వాతంత్ర్యం నాటికి దేశంలో ఏటా 7.5 కోట్ల మందికి మలేరియా వచ్చేదని, 8 లక్షల మంది చనిపోయేవారని అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది, 1958లో అది నిర్మూలన కార్యక్రమమైంది. భుజాన పంపు వేసుకుని మలేరియా ఉద్యోగులు ఊరూరా గోడలకు మందు కొట్టి, గుమ్మం పక్కన తేదీ వేసి వెళ్లేవారు. జ్వరమన్న ప్రతివారి వేలు గుచ్చి రక్తపూత తీసేవారు. 1965 నాటికి కేసులు లక్షకు దిగాయి. ఆ ఉద్యోగుల సేవను ఈ దేశం తగినంతగా తలుచుకోలేదు. తర్వాత దోమ డీడీటీకి అలవాటు పడింది, క్రిమి క్లోరోక్విన్‌కు అలవాటు పడింది, మనం నిర్లక్ష్యానికి అలవాటు పడ్డాం. 1976లో కేసులు 64 లక్షలు దాటాయి.

అప్పటి నుంచి మలేరియా దోమ ఒక్కటే శత్రువు అనుకుంటే కుదరలేదు. గోదావరి జిల్లాల మురుగుకాలవల్లో పెరిగే క్యూలెక్స్ బోదకాలు పంచింది. వరిమళ్ల దోమలు పందుల నుంచి మెదడువాపును పిల్లలకు తెచ్చాయి. 2005 చివర్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తలెత్తిన చికున్‌గున్యా దేశమంతా పాకింది. పగటిపూట కుట్టే ఏడిస్ మంచినీళ్లలోనే గుడ్లు పెట్టి డెంగీ పంచుతోంది. మన మేడల మీది ట్యాంకుల్లో పెరిగే అనాఫిలిస్ స్టెఫెన్సై 2012లో జిబూటీలో కనబడి, ఆఫ్రికా నగరాలకు కొత్త ముప్పయింది. ఏజెన్సీ కొండవాగుల దోమ వేరు, పట్నం దోమ వేరు. దోమను బట్టి మందు, దోమను బట్టి నీళ్లు చూసుకోవాలన్నది బేగంపేటలో తేలిన సత్యమే.

ఆశలు లేకపోలేదు. మొదటి మలేరియా టీకాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఆమోదం తెలిపింది. దాని తయారీ బాధ్యత హైదరాబాదు కంపెనీ భారత్ బయోటెక్‌కు దక్కింది. దేశంలో 2023లో నమోదైన కేసులు 2.27 లక్షలు. 2030 నాటికి మలేరియా లేని దేశం కావాలన్నది లక్ష్యం. ప్రపంచంలో మాత్రం ఏటా దాదాపు 6 లక్షల మంది ఈ జబ్బుతో చనిపోతున్నారు. వాళ్లలో ఎక్కువమంది ఆఫ్రికాలోని అయిదేళ్లలోపు పిల్లలు.

రాస్ పని చేసిన బేగంపేట భవనం ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతిలో ఉంది. మనం ఫీవర్ ఆసుపత్రి అని, పాతవాళ్లు కోరంటి దవాఖాన అని పిలుచుకునే నల్లకుంట ఆసుపత్రి అసలు పేరులోనూ ఆయన ఉన్నాడు. పిల్లల్ని చార్మినారు, గోల్కొండ చూపించడానికి తీసుకెళ్లే బడులు ఈ భవనం దగ్గరా ఒక గంట ఆగాలి.

మన వాతావరణంలో గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. కనుక కూలరు, డ్రమ్ము, పాత టైరు, ఫ్రిజ్ వెనక పళ్లెం వారానికోసారి ఖాళీ చేసి, రుద్ది, ఆరబెట్టండి. వణుకుతో జ్వరమొస్తే ఆ రోజే రక్తపరీక్ష చేయించండి. వైవాక్స్ రకం మలేరియా అని తేలి వైద్యుడు ప్రైమాక్విన్ రాస్తే, జ్వరం తగ్గిందని మధ్యలో మానకండి. 14 రోజులూ మింగితేనే కాలేయంలో దాగిన క్రిమి చస్తుంది.